పోస్టుమాస్టరమ్మ గారు తిప్పి పంపిన ఎకరం

పోస్టుమాస్టరమ్మ గారు పోయారు. మంగళవారం పొద్దున్న నేను కాలేజీకి బయల్దేరుతుంటే ఆవిడ మేనకోడలు ఫోన్ చేసింది. "కాఫీ తాగుతూ తాగుతూ అత్త అలా ఒరిగిపోయిందండీ. ముందు మీకే చెప్తున్నాను" అంది. గుమ్మంలోనే కూర్చుండిపోయాను.

నర్సీపట్నంలో ఆవిడ అసలు పేరు తెలిసినవాళ్ళు తక్కువ. రిటైరై పన్నెండేళ్ళయినా అందరికీ పోస్టుమాస్టరమ్మ గారే. చింతపల్లి రోడ్డులో మేం పదిమందిమి కలిసి నడుపుకునే చిన్న బౌద్ధ ధ్యాన కేంద్రానికి నేను కార్యదర్శిని, ఆవిడ కోశాధికారి. కేంద్రానికి ఎవరేది ఇచ్చినా ఆవిడ చేతిమీదుగానే రావాలి. ఆవిడ పుచ్చుకున్నవాటికంటే తిప్పి పంపినవే ఎక్కువని మేం విసుక్కునేవాళ్ళం.

మొదటిసారి వచ్చినవాళ్ళ దగ్గర రూపాయి ముట్టుకునేవారు కాదు. "ఇవాళ మనసు కరిగి ఇస్తున్నారు. నాలుగు రోజులు పోయాక కూడా ఇవ్వాలనిపిస్తే రండి" అనేవారు. ఎవరొచ్చినా ముందు అడిగే ప్రశ్న "ఇంట్లో చెప్పారా?" అని. కిలో బియ్యానికైనా రశీదు రాసి, సిరా ఆరేదాకా ఊది, రెండు చేతులతో అందించేవారు. ఒక కాంట్రాక్టరు హాలు కట్టిస్తానని, గోడమీద వాళ్ళ నాన్నగారి పేరు పెద్దక్షరాలతో రాయించాలని అడిగాడు. ఆవిడ చెక్కు తిరిగి ఆయన చేతిలో పెట్టి, "ఇది దానం కాదు బాబూ, బోర్డు కొనుక్కోవడం" అన్నారు. ఆయన మళ్ళీ మా గుమ్మం తొక్కలేదు. "ఇచ్చినవాళ్ళ ఇంట్లో ఆ పూట పొయ్యి వెలగాలండీ. అప్పుడే అది మనం తినదగ్గ అన్నం" అని ఆవిడ తరచుగా అనేవారు. నాకది చాదస్తంలా ఉండేది. ఒక్కరోజుతో ఆ అభిప్రాయం పోయింది. ఆ రోజు సంగతి మీకు చెప్పకపోతే ఆవిడ గురించి ఏమీ చెప్పనట్టే.

కొన్నేళ్ళ కిందట ఒక వేసవిలో మా కేంద్రం ఉన్న స్థలం యజమాని నెలాఖరుకి ఖాళీ చెయ్యమన్నాడు. ఎక్కడికి పోవాలో తెలియక సతమతమవుతున్నాం. సరిగ్గా అప్పుడే గొలుగొండ వైపు నుంచి వచ్చే ఒక రైతు తన ఎకరం జీడితోట రాసిస్తానన్నాడు. ఏడాది కిందట అతని ఒక్కగానొక్క కొడుకు బైకు ప్రమాదంలో పోయాడు. అప్పట్నుంచి ఆదివారాలు ధ్యానానికొచ్చి, చివరి వరసలో కూర్చుని, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళిపోయేవాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. వారంలో కాగితాలు రాయించాను. రిజిస్ట్రారు ఆఫీసులో టైము తీసుకున్నాను.

ఆ ఉదయం కమిటీ అంతా కేంద్రంలో కూడాం. పదకొండింటికి ఆఫీసులో ఉండాలి. పోస్టుమాస్టరమ్మ గారు ఒక్కరే ఇంకా సంతకం పెట్టలేదు. రైతుని ఎదురుగా కూర్చోబెట్టుకున్నారు.

"ఇంట్లో చెప్పావా నాయనా?"

"సెప్పినానమ్మగారు."

"ఏమంది?"

"ఏటంతాది. సరే అన్నాది." అతను నేలచూపులు చూస్తున్నాడు. "బేగి ఎల్దారండి. ఇయాల్టికి అయిపోవాల."

"అంత తొందరేం?"

"అన్నీ సక్కబెట్టీసినానమ్మా. ఆవుని మా బావమరిదికి ఇచ్చీసినాను. ఎవుల సామాను ఆళ్ళకి అప్పజెప్పీసినాను. ఇదొక్కటే మిగిలినాది."

నాకు ఆ మాటల్లో తప్పేమీ కనబడలేదు. గడియారం చూసుకుంటున్నాను. ఆవిడ మాత్రం కళ్ళజోడు తీసి అతన్నే చూస్తూ, "రేపేం చేస్తావు?" అన్నారు.

"రేపేటండి?"

"రేపు పొద్దున్న లేచి ఏం పని చేస్తావని."

అతను భుజంమీది తువ్వాలు తీసి వేళ్ళకి చుట్టుకున్నాడు. ఆవిడ పెన్ను మూత పెట్టేశారు. "ఈ దానం మనం తీసుకోవడం లేదు" అన్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఇరవై రోజుల్లో రోడ్డున పడతాం. ఇదేం పోస్టాఫీసు కాదండీ, మీ ఇష్టమొచ్చినట్టు కౌంటరు మూసెయ్యడానికి!" అని అందరిముందూ అరిచాను. ఆవిడ నాకేసి చూడనైనా లేదు. "ఆటో పిలవండి. వీళ్ళ ఊరు వెళ్తున్నాం. మీరూ రండి" అన్నారు.

దారంతా ఆవిడ రైతు మణికట్టు పట్టుకుని కూర్చున్నారు. పరాయి మగాడి చెయ్యి అలా పట్టుకోవడమేమిటని నాకు ఇబ్బందిగా అనిపించింది. ఎందుకు పట్టుకున్నారో అప్పటికి నాకింకా అందలేదు.

మేం వెళ్ళేసరికి అతని భార్య సంచిలో చీరలు సర్దుకుంటోంది. మమ్మల్ని చూసి కంగారుగా లేచింది. "ఎస్. రాయవరంలో మా సెల్లి ఇంటికండి. రెండ్రోజులుండి రమ్మన్నాడు. ఎన్నడూ ఎల్లమననోడు" అంది.

"తోట రాసిచ్చేస్తున్నాడు. నీకు తెలుసా అమ్మా?"

"ఏ తోటండి?" అంది ఆమె. వాళ్ళకున్నది ఒక్కటే. మొగుడి మొహం చూసింది. అతను తల తిప్పుకున్నాడు. ఆమె మావైపు తిరిగింది. "కోతలయిపోయినాయి కదా, తోటకి కొత్త పురుగుల మందు డబ్బా దేనికని నిన్న అడిగితే పలకనేదమ్మా..." అంటూ మధ్యలోనే ఆగిపోయింది.

"ఎక్కడుందది? బేగి తే" అన్నారు పోస్టుమాస్టరమ్మ గారు. ఆమె తెచ్చిన డబ్బాని నా చేతికిచ్చి ఆటోలో పెట్టి రమ్మన్నారు. దాన్ని నా సంచిలో వేసి ఆటోలో పెట్టాను. అదే సంచిలో నేను రాయించిన కాగితాలు కూడా ఉన్నాయి.

తిరిగొచ్చేసరికి ఆవిడ అతని పక్కన చాపమీద కూర్చుని ఉన్నారు. "చచ్చిపోదామనుకున్నావా?" అని సూటిగానే అడిగారు.

"ఆ తోటకెల్తే ఆడే కనబడతన్నాడమ్మగారు. నాకింకేటున్నాది?"

"నాను లేనా?" అని భార్య అతని భుజం పట్టి ఊపేసింది. "నానేటి, మనిసిని కానా? ఆడు నీకొక్కడికే కొడుకా?" అతను మొహం కప్పుకుని పెద్దగా ఏడ్చాడు. ఆవిడ ఊరుకోమనలేదు. ఆ ఏడుపు తగ్గేదాకా ఉండి, "దానం ఇస్తానన్నావు కదా. నేనడిగింది ఇస్తావా?" అన్నారు.

"ఏటమ్మగారు?"

"ఏడాదిపాటు ప్రతి ఆదివారం మా కేంద్రంలో వంట నువ్వే చెయ్యాలి. తోట వద్దు. ఆదివారాలు కావాలి."

"అంతేనా?"

"అంతే. ఒక్క వారం మానినా ఒప్పుకోను."

బావమరిదిని పిలిపించి, అతన్ని ఒంటరిగా వదలొద్దని చెప్పి అప్పుడు లేచారు. మర్నాడు తానే వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. ఆ తర్వాత కూడా చాలాసార్లు వెళ్ళారు.

మేం అనుకున్నట్టే ఖాళీ చేశాం. పది నెలలు ఒక సభ్యుడి డాబామీద టార్పాలిన్ కింద కూర్చున్నాం. వానొస్తే ధ్యానం లేదు. క్షమాపణ చెప్పుకోవడానికి నాకు రెండు వారాలు పట్టింది. అప్పుడు చెప్పారావిడ. ఉద్యోగంలో ఉండగా ఒకతను ఒకే పూటలో ఇంట్లోవాళ్ళందరి ఖాతాలూ మూయించేసి, ఆవిడకి నవ్వుతూ నమస్కారం పెట్టి వెళ్ళాడట. మర్నాడు అతను ప్రాణం తీసుకున్నాడని కబురు తెలిసింది. "కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయండీ. అందుకే నేనేమీ అడగలేదు" అన్నారు. నా క్షమాపణ సంగతే ఎత్తలేదు.

రైతు ఒక్క ఆదివారం మానలేదు. మొదట్లో కూరలో ఉప్పు ఎక్కువయ్యేది. ఆవిడ మెచ్చుకుంటూ తినేవారు, మేమూ తినక తప్పేది కాదు. ఏడాది నిండింది, రెండో ఏడూ నిండింది. అప్పుడొకరోజు భార్యాభర్తలిద్దరూ వచ్చి, తోటలో రోడ్డు వైపు పది సెంట్లు కేంద్రానికి ఇస్తామన్నారు. ఆవిడ మూడుసార్లు తిప్పి పంపారు. నాలుగోసారి భార్య, "ఇది నా మాటండి, ఆడిది కాదు" అని గట్టిగా అనేసరికి నవ్వేసి సంతకం పెట్టారు. ఇప్పుడు మా రేకుల షెడ్డు అక్కడే ఉంది.

బుధవారం అంత్యక్రియలకి వాళ్ళిద్దరూ వచ్చారు. అన్నీ అయ్యాక బస్టాండు దాకా నేనే దిగబెట్టాను. చినుకులు మొదలయ్యాయి. గొలుగొండ బస్సు ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నారు. బస్సు కదలడానికి ఇంకా టైముంది. రోడ్డవతల చూరు కింద నిలబడి చూస్తున్నాను. కండక్టరు టిక్కెట్లు కొట్టుకుంటూ వాళ్ళ దాకా వచ్చాడు. రైతు అప్పటికే భార్య భుజంమీద తల వాల్చి, నోరు కొంచెం తెరుచుకుని, నిద్రపోతున్నాడు. లేపొద్దన్నట్టు తలూపి, ఆమె కండక్టరుకి రెండు టిక్కెట్లని రెండు వేళ్ళు చూపించింది.