రెండు దాచు బటన్లు

శంషాబాద్‌కు కొత్త ఎయిర్‌పోర్టు వచ్చిన రోజులవి. అక్కడే కిరాయి గదిలో ఉంటూ, వారమంతా కంపెనీకి కోడు రాసి, ఆదివారాలు ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ మెనూలను తెలుగులోకి మార్చేవాణ్ణి. 'సేవ్' అన్నచోట 'దాచు' అని పెట్టాను. మా అనువాద బృందంలోని కోస్తా పెద్దమనిషికి అది నచ్చలేదు.

"మరీ వంటింటి మాటండీ. 'భద్రపరచు' అనాలి," అంటూ అందరికీ పేజీలకు పేజీలు మెయిళ్లు కొట్టాడు.

నాకు ఒళ్లు మండింది. భద్రపరచడానికి అదేమన్నా బ్యాంకు లాకరా? నేను మార్చలేదు.

ఇంతలో, తెరమీంచి తప్పించే 'హైడ్' బటన్‌కు ఆయనే 'దాచు' అని పేరు పెట్టేశాడు. కొత్త వెర్షన్‌లో రెండు 'దాచు'లు పక్కపక్కనే వచ్చాయి. మా ఓనరక్క నా కంప్యూటర్లో టు-లెట్ కాగితం టైపు చేసి, ఆ రెండు 'దాచు'ల్లో ఒకటి నొక్కింది. కాగితం మాయమైంది.

"గింత మంచిగ దాచిందేంది తమ్మీ, ఇగ నాక్కూడ సూపియ్యదా?" అంది.

తిట్టడానికే ఆయనకు ఫోన్ చేశాను. నెత్తిమీది విమానం పోయేదాకా ఆగి నోరు తెరిచాను.

"ఒక్క నిమిషమండీ," అన్నాడాయన. "ఫైలు సేవ్ చేసి వస్తాను."