సింహాచలం గారి పక్కన కూర్చుని స్కోరు రాసిన రోజు

మా విజయనగరం స్కూల్లో అమ్మాయిల బేస్‌బాల్ జట్టు పెట్టి ఏడాదైంది. పిల్లలు బాగానే ఆడుతున్నారు. స్కోరు రాయడం మాత్రం వాళ్ళ పీఈటీ టీచర్నైన నాకే రాదు! ఖరగ్‌పూర్‌లో సింహాచలం గారని ఒక తెలుగాయన ముప్పై ఏళ్ళుగా బెంగాలీ పత్రికకు బేస్‌బాల్ వార్తలు రాస్తున్నారని, అడిగితే నేర్పుతారని తెలిసి, సాయంత్రం రైలెక్కి మర్నాడు ఉదయం ఏడింటికి అక్కడ దిగాను. స్టేషన్ బయట టోటో, అంటే బ్యాటరీ రిక్షా, నడిపే అతనితో నాకొచ్చిన హిందీలో బేరమాడుతుంటే, "తెలుగులోనే తిట్టండమ్మా, మాదీ సీకాకులమే" అన్నాడు. ఇంకేం బేరం! సింహాచలం గారుండే మలంచా పేటకు ముప్పై రూపాయలు, పావుగంట ప్రయాణం.

సింహాచలం గారి తాత పలాస దగ్గరి పల్లె నుంచి రైల్వే వర్క్‌షాపులో పనికి వచ్చారు. నాన్న అక్కడే ఫిట్టర్. ఈయన మాత్రం పత్రికాఫీసుకు పారిపోయారట. "క్రికెట్టు, ఫుట్‌బాలు ఆఫీసులో బెంగాలీ దాదాలందరూ పంచేసుకున్నారు. ఎవులికీ అక్కర్లేని బేస్‌బాలు నా మొకాన పడేసినారు. అదే అన్నం పెట్టింది" అన్నారు ఇడ్లీ తింటూ. ఆయన వార్తను ముందు తెలుగులో పైకి చెప్పుకుని, ఆ తర్వాతే బెంగాలీలో రాస్తారు. పక్కింట్లో ఉండే చెల్లెలి కూతురు, పదహారేళ్ళ లావణ్య, అది వింటూనే ఆట మీద మోజు పెంచుకుంది. ఆ రోజు పదింటికి తనకు జిల్లా జట్టు ఎంపిక మ్యాచ్.

మైదానంలో స్కోరరూ ఆయనే. పక్కన కొత్త పుస్తకంతో నేను. అయిదో ఇన్నింగ్స్‌లో నేలబారుగా వచ్చిన తేలిక బంతి లావణ్య కాళ్ళ మధ్య నుంచి జారిపోయింది. హిట్ అని రాస్తే అది కొట్టినమ్మాయి గొప్ప. ఎర్రర్ అని రాస్తే లావణ్య తప్పు, సెలక్టర్లు చూసేది ఆ పుస్తకమే.

"మీరైతే ఏటి రాస్తారు టీచరమ్మా?"

"హిట్టేనండీ, బంతి వేగంగా వచ్చింది" అని పచ్చి అబద్ధం ఆడి, నా పుస్తకంలో రాసేశాను కూడా. ఆయన తన పుస్తకంలో ఎర్రర్ రాశారు. నాకు ఆయన మీద ఒళ్ళు మండింది.

ఒంటిగంటకు జాబితా చదివారు. లావణ్య పేరు రిజర్వుల్లో వచ్చింది. పాపం, అందరి ముందే ఏడ్చేసింది. ఆయన మంచినీళ్ళ సీసా చేతికిచ్చి, మెట్ల మీద కూర్చుని వార్త చెప్పుకోవడం మొదలుపెట్టారు. "అయిదో ఇన్నింగ్స్‌లో ఒక ఫీల్డరు సేతిలోంచి బంతి జారి..."

లావణ్య తలెత్తింది. "ఒక ఫీల్డరేటి మావయ్యా? అందరి పేర్లూ సెప్పినావు. నాకు పేరు లేదేటి?"

ఆయన తడబడ్డారు. "రాయమంటావేటమ్మా?"

"రాయి. సేతిలోంచి కాదు, కాళ్ళ మజ్జినుంచి ఎల్లింది."

ఆయన కళ్ళు తుడుచుకుంటూనే నవ్వి, ఫోన్లో బెంగాలీలో ఆ పేరు కొట్టారు.

స్కోరు రాయడం వచ్చేసింది. సగం మావయ్య నేర్పారు, మిగతా సగం మేనకోడలు. ఇంత తృప్తిగా ఏ ఊరి నుంచీ తిరిగి రాలేదు నేను. వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట: పెన్సిలుతో పాటు రబ్బరు కూడా పట్టుకెళ్ళండి. నా దగ్గర లేక లావణ్యను అడిగాను. "దేనికి టీచర్?" అంది. అయిదో ఇన్నింగ్స్‌లో నేను రాసిన హిట్ చూపించాను. తనే చెరిపింది.