బావ కారుకు పట్టిన మసి

పోయిన నెల మెకానిక్ షెడ్డాయన ఒక చిన్న సీసా నా చేతిలో పెట్టి, దీన్ని పెట్రోలు ట్యాంకులో పోస్తే ఇంజన్లో పట్టిన కార్బనంతా కరిగిపోతుందని చెప్పినప్పుడు నాకు నమ్మకం కలగలేదు సరికదా, చిరాకు వేసింది. ఇంజన్ మసి వదిలించడమంటే ఏమిటో నలభై ఏళ్ల కింద బొగ్గు గనుల ఊరు శ్రీరాంపూర్‌లో కళ్లారా చూసినవాణ్ని నేను.

అప్పట్లో నాకు అక్కడి బడిలో కొత్తగా పంతులు ఉద్యోగం వచ్చి, అక్క ఇంట్లోనే ఉండేవాణ్ని. బావకు మెకానిక్ షెడ్డు ఉండేది. ఏ జీపో దగ్గుకుంటూ వచ్చిందంటే ఇంజన్ పైభాగం విప్పి, పిస్టన్ల మీద కిరసనాయిలు పోసి నానబెట్టి, మర్నాడు వెదురు బద్దతో ఓపిగ్గా గీకేవాడు. ఇనుముతో గీకితే గీతలు పడతాయట. ఆదివారాలు నన్ను కూడా పక్కన కూర్చోబెట్టుకునేవాడు. "భూమిల బొగ్గు, గాలిల బొగ్గు, ఇంజన్ల గూడ బొగ్గేనా! గీకు బామ్మర్ది, పంతులువి గదా, పలక తుడిచినట్టే" అని నవ్వేవాడు. సబ్బుతో ఎంత రుద్దినా గోళ్లలో మసి పోయేది కాదు. సోమవారాలు చేతులు వెనక్కి పెట్టుకొనే పాఠం చెప్పేవాణ్ని.

బావ పోయి ఏడాది కావస్తోంది. అక్కను కరీంనగర్‌లోని మా ఇంటికి తెచ్చుకున్నాను, ఆమెతోపాటు బావ పాత కారు కూడా వచ్చింది. అక్క దాంట్లో ఎక్కేది కాదు. కానీ రోజూ పొద్దున చాయ్ గ్లాసు పట్టుకొని అరుగు మీద కూర్చొని "జర స్టార్ట్ చెయ్యి తమ్మీ" అనేది. బావ పొద్దున్నే బండిని ఊరి బయటిదాకా తిప్పి గాని షెడ్డుకు పోయేవాడు కాదు. ఆ చప్పుడు వినకపోతే ఆమెకు చాయ్ దిగేది కాదు. బ్యాటరీకి కూడా మంచిదేలే అనుకొని పది నిమిషాలు ఉన్నచోటనే తిప్పి ఆపేసేవాణ్ని.

కొన్ని నెలలకు బండి వణకడం మొదలుపెట్టింది. నల్లటి పొగ. పక్కింటివాళ్లు ఆరేసిన బట్టల మీద మసి చూపించి, మాతో మాట్లాడటం మానేశారు. పొల్యూషన్ పరీక్షలో తప్పింది. ఇంత పాత బండికి ఇంజన్ విప్పేవాళ్లు ఇప్పుడెవరూ లేరని, సీసా పనిచేయకపోతే తుక్కు కింద ఇవ్వడమేనని షెడ్డాయన తేల్చేశాడు. తుక్కు అనే మాట అక్క ముందు ఎలా అనాలో తెలియక సీసా తెచ్చి పోశాను. రైతుబజారు దాకా పోయి వంకాయలు తెచ్చాను. ఏం మారలేదు. మర్నాడు షెడ్డుకు పోయి గట్టిగానే అడిగాను.

"ఎంత దూరం నడిపిన్రు సార్?"

"రైతుబజారు దాకా."

"గోలీ మింగి మంచంల పంటే రోగం పోతదా సార్? సీసా మీద రాసున్నది చదువలేదా?"

ముప్పై ఏళ్లకు పైగా పిల్లలను నేనడిగిన ప్రశ్న అది. ఇంకో సీసా కొని, చీమల్లాంటి అక్షరాలను కళ్లద్దాలు తుడుచుకుంటూ చదివాను. ట్యాంకు దాదాపు ఖాళీ అయ్యాక పోయాలి, వెంటనే నిండా పెట్రోలు పోయించాలి, తర్వాత దూరం నడపాలి. నేను నిండు ట్యాంకులో పోసి రెండు వీధులు తిప్పాను. రోజూ ఎంత నడుపుతారని షెడ్డాయన అడిగితే నడపమని, నిలబెట్టి తిప్పుతామని చెప్పాను. "గదే సార్ రోగం. నిలవెట్టి తిప్పితెనే మసి వడ్తది" అన్నాడు.

అక్కడే పాత పెట్రోలు తీయించి, కొత్త సీసా పోసి, బంకులో ట్యాంకు నింపించి ఇంటికొచ్చి శ్రీరాంపూర్ దాకా పోదాం రమ్మంటే అక్క ససేమిరా అంది. అప్పటికే ఓపిక అయిపోయింది. "నువ్వు రోజు వింటానంటెనే బండి ఖరాబైందక్కా" అనేశాను. అన్నాక నాలుక కరుచుకున్నాను. అక్క గ్లాసు కడిగి బోర్లించి, చెప్పులు వేసుకొని వచ్చి వెనక సీట్లో కూర్చుంది.

పెద్దపల్లి దాకా బండి ఎగిరెగిరి పడింది. లారీలను, స్పీడ్ బ్రేకర్లను, సీసా చేసినవాణ్ని తిట్టుకుంటూ నడిపాను. గోదావరిఖని దాటి వంతెన ఎక్కాక ఉన్నట్టుండి వణుకు తగ్గింది. అక్క ముందుకు వంగింది.

"తమ్మీ, బండి ఆగిందా?"

"లేదక్కా, నడుస్తుంది."

వంతెన దాటేదాకా వింటూ కూర్చుంది. ఆ తర్వాత మెల్లగా, "మీ బావ ఉన్నప్పుడు గిట్లనే ఉంటుండె" అంది.

అప్పుడు అర్థమైంది నాకు. బావ చేతిలో ఆ బండి ఎప్పుడూ వణకలేదు, పొగ వదల్లేదు. ఇన్ని నెలలుగా పొద్దున్నే ఆయన బండి చప్పుడని మేం విన్నది, ఆయన లేక పేరుకున్న మసిని. ఆయన చప్పుడు ఎలా ఉండేదో ఇద్దరం మరిచిపోయాం.

వారం తర్వాత బండి పరీక్షలో నెగ్గింది. అక్క ఇప్పుడు పొద్దున చాయ్ బండి చప్పుడు లేకుండానే తాగుతుంది. ఆదివారం అయితే మాత్రం "దూరం పోదాం పా తమ్మీ" అంటుంది, ముందు సీట్లోనే కూర్చుంటుంది. సీసా మీద నాకిప్పుడు కోపం లేదు, చెప్పిన పని చేసింది. కాకపోతే బావ రెండు రోజులు కూర్చొని చేసే పని అది. మొన్న ఇంకో సీసా పోసి, అలవాటు కొద్దీ చేతులు కడుక్కోవడానికి నల్లా దగ్గరికి పోయి గోళ్లు చూసుకున్నాను. కడగడానికి ఏమీ లేదు.