చివరి రంగం అందించిన గొంతు

కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో మనిషికి తెలియనిదంటూ ఉండదు. నరసరావుపేటలో కాలేజీ లెక్చరరుగా చేరినప్పుడు నేనూ అంతే. వందేళ్ల కిందట గురజాలలో ఒకావిడ నాటకాలు రాసిందనీ, అవన్నీ భర్త పేరుతో అచ్చయ్యాయనీ విని, ఆవిడను లోకానికి చూపించే బాధ్యత నెత్తిన వేసుకున్నాను. ఆవిడ మనవడి భార్య ఒక్కతే ఆ ఇంట్లో మిగిలింది. నేను మామ్మా అని పిలిచేదాన్ని. ఆరు నెలలు తిరగ్గా తిరగ్గా, అచ్చుకాని నాటకం ఒకటి బీరువాలోంచి తీసిచ్చింది. భార్య రాతలను తనవిగా చెప్పుకున్న మొగుడి కథ. చివరి రంగం చెదల పాలైంది. ఆ లోటు నేనే పూడ్చాను: మొగుడి గుట్టు బయటపెట్టినందుకు భార్య అతణ్ణి క్షమాపణ అడుగుతుంది. (ఆ కాలపు ఆడది అంతకంటే ఏం రాస్తుందిలే అనుకున్నాను. అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు.)

కాలేజీలో ఆడిస్తున్నామని చెబితే మామ్మ నవ్వలేదు. "తెర ఎనక కుర్చీ ఒకటెయ్యి, ఆమెకి. మగోళ్ల ముందు కూచోకూడదని ఆడే కూచుని అందరికీ మాటలందించేది. తప్పు చెబితే ఊరుకోదు," అంది.

"ఆమె ఇప్పుడు లేదు కదా మామ్మా!"

"ఉందన్నానా ఏంది? కుర్చీ ఎయ్యమన్నా."

వేశాను. భయపడి కాదు, పెద్దావిడ మాట తీసేయలేక. (భయపడే.)

పట్టపగలు మూడింటికి నాటకం చివరికొచ్చింది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయి ఫ్యాన్లు ఆగిపోయాయి. హాల్లో గాలి అనేది లేదు. అయినా వెనక తెర చిన్నగా కదిలింది. భార్య వేషం వేసిన పిల్ల క్షమాపణ మాటలు మరిచిపోయి గుడ్లు తేలేసింది. అందిద్దామని నేను నోరు తెరిచేలోగా తెర వెనక నుంచి ఎండిపోయిన గొంతు ఒకటి వినిపించింది.

"ఆ కాగితాలు నావి. ఇలా ఇవ్వండి."

ఆ పిల్ల అదే మాట గట్టిగా అని చెయ్యి చాపింది. మొగుడి వేషం కుర్రాడు బిత్తరపోయి, చాటుగా పట్టుకున్న తన డైలాగుల చీటీలు ఆమె చేతిలో పెట్టేశాడు. హాలంతా చప్పట్లు. ఆ తర్వాత అతను ఒక్క ముక్క మాట్లాడితే ఒట్టు.

తెలిసిన దేవుళ్లందర్నీ తలుచుకుంటూ తెర ఎత్తాను. కుర్చీ ఖాళీగా ఉంది. దాని పక్కన నేల మీద తెల్లచీరలో ఒక ఆకారం. కేక పెట్టబోయాను.

"ఏమే, అట్టా చూస్తావేంది? మంచినీళ్లు తే. బస్సులో చానా ఉక్కపోసింది," అంది మామ్మ. చెప్పాపెట్టకుండా వచ్చి వెనక గుమ్మంలోంచి లోపల చేరిందట. కళ్లు పోయాక ఆ రచయిత్రి ఆ నాటకాన్ని రోజూ మామ్మచేత చదివించుకునేదట. మామ్మకు మొత్తం నోటికి వచ్చు.

నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "ఆరు నెలలు తిరిగానే, అప్పుడే చెప్పొచ్చుగా!"

"నువ్వు కాయితాలడిగావు, ఇచ్చా. నన్నేమన్నా అడిగావా?"

ఆ సాయంత్రం అక్కడే నేల మీద కూర్చుని, మామ్మ చెబుతుంటే చివరి రంగమంతా రాసుకున్నాను. నేను రాసినదాన్ని చింపేశాను. అంత సిగ్గు మళ్లీ ఎప్పుడూ పడలేదు. పైన రచయిత్రి పేరు రాసి, కింద చెప్పినవారి పేరు రాయబోతే కలం ఆగిపోయింది. ఆరు నెలలుగా ఆవిడ చేతి కాఫీ తాగుతున్నాను, పేరేమిటో ఏనాడూ అడగలేదు. మరుగున పడ్డ ఆడవాళ్లను వెలికితీయడానికి బయల్దేరిన ఆ మహా తెలివైన పిల్ల గుర్తొస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది, కళ్లు చెమర్చాక.

"మామ్మా, నీ పేరేంటి?" అన్నాను. ఆవిడ పైట సవరించుకుని, స్పష్టంగా చెప్పింది.