వలెన్సియా అని రాయాల్సిన కవరు

1938 జూన్‌లో నన్ను ఏలూరు నుంచి బదిలీ చేసి, తాడేపల్లిగూడెం వెళ్ళే దారిలో రైలుకట్ట పక్కనున్న ఒక చిన్న పోస్టాఫీసుకు సబ్ పోస్టుమాస్టరుగా వేశారు. ఊరి పేరు రాయను. తప్పు నాది, ఊరిది కాదు. హోదా పేరుకే గొప్ప. స్టాంపులు అమ్మడం, ముద్ర కొట్టడం, రిజిస్టరు ఉత్తరాలకు రసీదు రాయడం అన్నీ నేనే. ఇంగ్లీషు రానివాళ్ళు ఉత్త కవరు తెస్తే చిరునామా కూడా పోస్టుమాస్టరే రాసిపెట్టడం మా వైపు ఆనవాయితీ.

నాకు పేపరు పిచ్చి. స్పెయిన్‌లో ఒకే దేశంవాళ్ళు ఒకరినొకరు చంపుకుంటున్న యుద్ధం అప్పటికి మూడో ఏట పడింది. ఆ దేశపటం గోడకు అంటించి, ఎవరి చేతిలో ఏ ఊరుందో పెన్సిలుతో గీసేవాణ్ణి. ఆ ఏప్రిల్‌లోనే తిరుగుబాటు సేన సముద్రం దాకా వచ్చి, ప్రభుత్వం చేతిలో ఉన్న నేలను రెండు ముక్కలు చేసింది. పై ముక్కలో బార్సిలోనా, కింది ముక్కలో వలెన్సియా. ఆ యుద్ధం నేనే నడుపుతున్నంత దర్జాగా వచ్చినవాళ్ళకు వివరించేవాణ్ణి.

నవంబరులో సువార్తమ్మగారు వచ్చారు. కొల్లేటి లంకలో మిషన్ బడి పంతులమ్మ, తెలుగు వరకే చదువుకున్నారు. ఆమె తమ్ముడు దేవదానం మిషన్ ఆసుపత్రిలో కాంపౌండరు పని నేర్చి, ఓడలో కొలువుకు వెళ్ళి, చివరికి స్పెయిన్‌లో గాయపడ్డవాళ్ళకు కట్లు కట్టే పనిలో చేరాడు. ప్రభుత్వం వైపు సాయానికి వచ్చిన పరదేశీయులను ఇళ్ళకు పంపేస్తున్నారనీ, తన కాగితాలు పోయాయనీ, ఎక్కడ పుట్టాడో రుజువు చూపితే గాని ఓడ ఎక్కనివ్వరనీ రాశాడు. పాస్టరుగారి ముద్రతో బాప్తిస్మం రిజిస్టరు నకలు వలెన్సియా ఆసుపత్రికి పంపమన్నాడు.

ఆమె నకలూ ఉత్త కవరూ తెచ్చారు. నేను కవరు మీద బార్సిలోనాలోని వైద్యశాఖ కార్యాలయం చిరునామా రాశాను. పరదేశీయులకు వీడ్కోలు అక్కడే జరిగిందని పేపర్లో చదివాను మరి.

“తమ్ముడు వలెన్సియా అని రాశాడండీ,” అన్నారామె.

“ఆ ఉత్తరం రాసి నెల దాటిందమ్మా. ఈపాటికి అందర్నీ బార్సిలోనా చేర్చుంటారు. ఫ్రాన్సుకి అట్నుంచే దారి,” అని పటం చూపించాను.

“మీరు పేపరు చదువుతారు కదండీ. మాకేం తెలుస్తుంది,” అని ఆమె సరేనన్నారు.

పంపేవారు చెప్పిన చిరునామా మార్చే అధికారం మాకు లేదు. అది నాకు తెలుసు. తెలిసే రాశాను.

జనవరిలో దేవదానం రెండో ఉత్తరం వచ్చింది, వలెన్సియా నుంచే. టపా వచ్చిన ప్రతిసారీ అడుగుతున్నాననీ, కాగితాలున్నవాళ్ళు వెళ్ళిపోయారనీ రాశాడు. సువార్తమ్మగారు దాన్ని తెచ్చి నాకు చూపించారు. ఆ రోజే ఇంకో నకలు వలెన్సియాకు పంపాం. అది బొంబాయి చేరిన వారమే బార్సిలోనా పడిపోయింది. స్పెయిన్‌కు రిజిస్టరు ఉత్తరాలు తీసుకోవద్దని పై ఆఫీసు నుంచి సర్క్యులర్ వచ్చింది. మార్చి ఆఖరుకు వలెన్సియా కూడా పడింది. పటం గోడ మీంచి చింపేశాను. రెండో నకలు ఏమైందో తెలియదు. దేవదానం గురించీ తెలియదు.

మొదటి కవరు మాత్రం జూలైలో విప్పకుండా తిరిగొచ్చింది, నాలుగు దేశాల ముద్రలతో. నిబంధన ప్రకారం సంతకం తీసుకుని ఆమెకే ఇచ్చాను. ఆమె విప్పి, పాస్టరుగారి ముద్ర చూసి, మళ్ళీ మడిచారు.

“వలెన్సియా అని రాసుంటే చేరేదాండీ?” అని అడిగారు.

అప్పట్లో అటు టపా నడుస్తూనే ఉంది, చేరేదే అన్నాను. అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. ఆమె కవరు తీసుకుని వెళ్ళిపోయారు.

ఆ తర్వాత నేను ఆ ఊళ్ళో పనిచేసిన రెండేళ్ళూ సువార్తమ్మగారు నెలకో మామూలు ఉత్తరం వలెన్సియాకు వేశారు. చిరునామా నన్ను రాయనివ్వలేదు. తమ్ముడి ఉత్తరం చూసి, ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటే దిద్దినట్టు తానే రాసుకొచ్చేవారు. నేను ముద్ర కొట్టి సంచిలో వేసేవాణ్ణి.

రిటైరయ్యేదాకా మరెవరి చిరునామాలోనూ ఒక్క అక్షరం మార్చలేదు. పోస్టాఫీసు వాడికి లోకజ్ఞానం ఎంతైనా ఉండవచ్చు. దాన్ని కవరు మీద రాయకూడదు.