విమానాల మీద నెపం

శంషాబాద్‌లో మా ఇంటి మీదుగానే విమానాలు దిగుతాయి. అందుకే మా వీధిలో ఎవరికి తలనొప్పి వచ్చినా నేరం విమానాలదే. అమ్మ రోజూ పొద్దున్నే తలనొప్పితో లేచి వాంతి చేసుకుంటుంటే, ఐదు నెలలు అందరూ చెవుల్లో దూది పెట్టుకోమన్నారు. చివరికి స్కాన్‌లో మెదడులో గడ్డ కనిపించింది. ఆపరేషన్ అయింది. ఇప్పుడు అమ్మ ఒక్కో మాట వెతుక్కుని మాట్లాడుతుంది.

నిన్న పక్కింటి అక్క పరామర్శకు వచ్చింది. అమ్మ గుండు మీది కుట్లు చూస్తూనే, "నాకు గూడ పొద్దుగాల తల పగులుతుంది, వాంతులైతున్నయి. ఈ విమానాలతోని పరేషాన్. జర దూది ఉంటే ఇయ్యి" అంది.

పరాయివాళ్ల ముందు నాకు గొంతు పెగలదు. కోపమంతా డైరీలోకే పోతుంది. అమ్మ నావైపు చూసి, "నువ్వు... చెప్పు" అంది.

"దూది లేదక్కా. చెప్పులేసుకో, దవాఖానకు పోదాం."

"నాకేం గడ్డ లేదే!"

"లేకపోవచ్చు. చూపించుకుంటే ఏం పోతది?"

"అబ్బో, దీనికి నోరుందా!" అంటూనే లేచింది.

ఆటో సిటీ దారిలో ఆరాంఘర్ చౌరస్తా దాటేదాకా విమానాలనే తిట్టింది. నేను మాత్రం ఆమె చెయ్యి వదల్లేదు.