సన్నాయి పట్టే ముందు

పదేళ్లు నేను ఎల్లారెడ్డి ఊళ్లో సన్నాయి పెద్దాయన పక్కన డోలు వాయించాను. ఆయన ఊపిరిని చుట్టుపక్కల ఊళ్లన్నీ మెచ్చుకునేవి. పందిట్లో కూర్చున్నాక మాత్రం ఆయన సన్నాయిని తువ్వాలుతో తుడుస్తూనే ఉండేవాడు. "ఇయ్యాల నాతోని కాదురా" అని నాకొక్కడికే వినిపించేలా అనేవాడు. ఆ తర్వాత ఊదేవాడు.

ఒకసారి లింగంపేట పెళ్లిలో, సరిగ్గా తలంబ్రాల వేళ, ఆయనకు ఊపిరి అందక పాట మధ్యలో తెగిపోయింది. జనం నవ్వారు. వారం తిరక్కుండానే కామారెడ్డి స్టేషన్‌లో రైలు దిగే మగపెళ్లివారికి ఎదురెళ్లి వాయించాల్సి వచ్చింది. ఆ రోజుల్లో అంత దూరమూ ఎడ్లబండి ప్రయాణమే. ఒళ్లు హూనమై చేరాం. రైలు కూత వినబడగానే ఆయన సన్నాయిని నా చేతిలో పెట్టేసి గోడకు ఆనుకున్నాడు. "ఇయ్యాల నిజంగనే కాదురా" అన్నాడు.

ధైర్యం చెప్పే ఓపిక నాకూ లేదు. ఉన్నమాటే చెప్పాను.

"నాకు గూడ భయమే అన్నా. ప్రతి లగ్గంల డోలు ఆడనే ఇడిసి ఉరుకుదామనిపిస్తది."

ఆయన నా ముఖంలోకి చూసి, సన్నాయి తీసుకున్నాడు. మొదటి స్వరం వణికింది. నా మొదటి దెబ్బా తడబడింది. రైలు ఆగి పెళ్లివారు దిగేసరికి ఇద్దరం కుదురుకున్నాం.

తిరుగు ప్రయాణంలో చాలా దూరం వచ్చాక అడిగాడు.

"పదేండ్ల సంది గట్లనేనా?"

"అవునన్నా."

"ఒక్కనాడన్న చెప్పకపోతివి. నేనొక్కన్నే గిట్ల అనుకున్న."

అంతే అన్నాడు. బండిలో పరిచిన గడ్డి మీద కాస్త పక్కకు జరిగి, నేను తల వాల్చడానికి చోటిచ్చాడు.